బీచ్‌కి వెళ్లొచ్చిన కారుని ముందు కింద కడగండి

సంక్రాంతికి ఊళ్లకి వెళ్లినవాళ్లంతా హైదరాబాద్ తిరిగొచ్చిన మర్నాడు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఏటా ఒకటే సీను. వాచ్‌మన్ తెల్లారకముందే బకెట్ పట్టుకుని ఒక్కో కారు పైకప్పు, అద్దాలు, డోర్లు తుడుచుకుంటూ పోతాడు, తొమ్మిదయ్యేసరికి కార్లన్నీ పెళ్లికొడుకుల్లా తయారై ఉంటాయి. వాటిలో చాలావరకు మొన్నటిదాకా సూర్యలంకలోనో వాడరేవులోనో భీమిలిలోనో ఇసుకలో నిలబడినవే. పైన దుమ్ము పోయింది గానీ పొట్ట కింద ఉప్పు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. నేనూ ఎనిమిదేళ్లు అచ్చం ఇలాగే చేశాను కాబట్టి ఎవరినీ వెక్కిరించట్లేదు.

మా అత్తగారిది చీరాల. కనుమ అయిపోగానే పిల్లల్ని వేసుకుని వాడరేవు వెళ్లడం, కారుని నీళ్లకి వీలైనంత దగ్గరగా పెట్టి ఫొటోలు దిగడం మాకు పండగలో ఒక భాగం. రెండేళ్ల కిందట సైలెన్సర్ దగ్గర ఏదో గలగల వస్తోందని మూసాపేటలో మాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. కారుని లిఫ్ట్ మీద ఎత్తాడు, సైలెన్సర్ సంగతి పక్కన పెట్టి డోర్ల కింద ఉండే రన్నింగ్ బోర్డు అంచుని స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ వెనక్కి నడిచాడు. ముందంతా టంగ్ టంగ్‌మంది, వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి చప్పుడు మారిపోయింది, అట్టపెట్టె మీద కొట్టినట్టు డబ్‌మంది. స్క్రూడ్రైవర్ తిప్పి పట్టుకుని మొన ఊరికే ఆనించాడంతే, లోపలికి దిగిపోయింది. దానితోపాటు తుప్పు మడతకాజా పొరల్లా విడివిడిగా రాలింది. "సముద్రం కాడికి తీస్కపోయిన్రా సార్ బండిని?" అన్నాడు, అడిగినట్టు కాదు, చెప్పినట్టే. ఆ తర్వాత టింకరింగ్ మేస్త్రీ పాత రేకు కోసి కొత్తది వెల్డింగ్ పెట్టి, పెయింట్ వేసి ఇచ్చేసరికి వారం పట్టింది, ఖర్చు సంగతి ఇంట్లో ఇప్పటికీ తగ్గించే చెప్తాను.

ఇక అసలు విషయం. ఇనుము తుప్పు పట్టాలంటే నీరూ గాలీ ఉంటే చాలు, ఉప్పుతో నిజానికి పని లేదు. కానీ నీళ్లలో ఉప్పు కలిస్తే ఆ నీళ్లలో కరెంటు తేలిగ్గా పారుతుంది, తుప్పు పట్టడం అనేది బ్యాటరీలో జరిగేలాంటి పనే కాబట్టి అది ఒక్కసారిగా జోరందుకుంటుంది. సముద్రపు నీళ్లు లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు. ఇంకో తిరకాసు ఏంటంటే ఉప్పు ఎండిపోయినా ఊరుకోదు. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చూడండి, ఎవరూ నీళ్లు పోయకుండానే తడితడిగా అవుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని పీల్చుకుని దానంతటదే కరిగిపోతుంది. మన దగ్గర డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో మంచు కురిసినప్పుడు తేమ ఆ మాత్రం ఉంటుంది. అంటే బీచ్ నుంచి వచ్చి నెలైనా సరే, మీ కారు కింద ఉప్పు పొద్దున్నే తడుస్తుంది, మధ్యాహ్నం ఎండుతుంది, మళ్లీ మర్నాడు తడుస్తుంది. మీరేమో ఇంట్లో నిద్రపోతుంటారు.

ఎప్పుడు కడగాలి అంటే తిరిగొచ్చిన రోజో మర్నాడో. "ఆదివారం చూద్దాంలే" అని వాయిదా వేయొద్దు. నన్నడిగితే బయల్దేరే ముందే అక్కడే, అత్తగారింటి దగ్గర చేతిపంపు నీళ్లో మోటారు నీళ్లో చక్రాల మీదా చక్రాల వెనకా ఓ నాలుగు బకెట్లు గట్టిగా కొట్టడం ఇంకా మంచిది, తడి ఆరకముందు ఉప్పు సులువుగా పోతుంది. ముందు ఆ నీళ్లు నోట్లో వేసుకుని చూడండి, తీరం పక్కన చాలా ఇళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి, అలాంటివైతే వద్దు. మేము వచ్చేది నార్కట్‌పల్లి అద్దంకి రోడ్డు మీద, మధ్యలో పిడుగురాళ్ల దగ్గర సున్నం బట్టీల దుమ్ము కూడా తడి మట్టి మీద అద్దుకుని ఇల్లు చేరేసరికి కింద ఒక పూత తయారవుతుంది, ఆ పూత లోపల ఉప్పు హాయిగా దాక్కుంటుంది. అందుకే ఊళ్లోనే కొంత వదిలించుకుని రమ్మనేది.

హైదరాబాద్‌లో అసలు ఎక్కడ కడగాలి అనేది పెద్ద సమస్య, నాకు తెలుసు. సెల్లార్‌లో నీళ్లు పోస్తే అసోసియేషన్ వాళ్లు ఊరుకోరు, ఊరుకున్నా అక్కడ ఎండ తగలదు కాబట్టి వద్దు. మంచినీళ్ల కనెక్షన్‌కి పైపు తగిలించి కారు కడిగే పని అసలు పెట్టుకోవద్దు, ఎండాకాలం ట్యాంకర్ కోసం ఫోన్లు చేసే ఊళ్లో అది బాగోదు. అందువల్ల చాలామందికి సులువైన దారి లిఫ్ట్ ఉన్న వాటర్ వాష్ షాపే. కానీ అక్కడికి వెళ్లి "ఫుల్ వాష్ చెయ్" అని చెప్పి టీ తాగడానికి వెళ్లిపోతే వాళ్లు పైన నురగ వేసి, లోపల వ్యాక్యూమ్ కొట్టి, డ్యాష్‌బోర్డుకి మెరుపు పూసి ఇచ్చేస్తారు. మీరు చెప్పాల్సిన మాట ఇది: "లిఫ్ట్ ఎత్తి కింద పది నిమిషాలు కొట్టు, సబ్బు అక్కర్లేదు, చక్రాల వెనక మట్టి మొత్తం రావాలి." చెప్పి అక్కడే నిలబడండి. కొన్ని షాపుల్లో వాడిన నీళ్లనే వడకట్టి మళ్లీ వాడతారు, అలా అయితే చివర్లో ఒకసారి శుభ్రమైన నీళ్లు కొట్టమని అడగండి, లేకపోతే మీ ముందు వచ్చిన బీచ్ బండి ఉప్పు మీకు అంటుకుంటుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. కొన్ని చోట్ల "డీజిల్ వాష్ కొట్టమంటారా సార్, కింద నల్లగా నిగనిగలాడుద్ది" అంటారు. వద్దనండి. డీజిల్ పడితే కింద ఉండే రబ్బరు బుష్‌లు, రబ్బరు తొడుగులు ఉబ్బి పాడవుతాయి, ఆ జిడ్డుకి మర్నాటి దుమ్మంతా అతుక్కుంటుంది, ఉప్పు మాత్రం నీళ్లలో కరిగినట్టు డీజిల్‌లో కరగదు, అంటే దాని మీద మీరు ఇంకో దుప్పటి కప్పినట్టే.

ఇండిపెండెంట్ ఇల్లు ఉన్నవాళ్లు, వాకిట్లో చోటున్నవాళ్లు సొంతంగానే చేసుకోవచ్చు, నేను ఇప్పుడు మా అన్నయ్య వాళ్ల ఇంటి దగ్గర చేసేది అదే. కారు కిందకి దూరాల్సిన పని లేదు, జాకీ మీద ఎత్తి దాని కింద పడుకునే సాహసం అయితే ఎవరూ చేయొద్దు, జాకీ ఉన్నది స్టెప్నీ మార్చడానికే. నేను రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ షాపు నుంచి నాలుగడుగుల సన్న పీవీసీ పైపు తెచ్చి, ఒక చివర మూత బిగించి, జానెడుకొకటి చొప్పున ఒకే వరసలో సన్న చిల్లులు వేయించాను, రెండో చివర తోటకి నీళ్లు పెట్టే రబ్బరు పైపు తగులుతుంది. చిల్లులు పైకి ఉండేలా దాన్ని కారు కిందకి తోసి కొళాయి తిప్పితే నీళ్లు ఫౌంటెన్‌లా పొట్టకి తగులుతాయి. ముందు నుంచి వెనక్కి, మళ్లీ వెనక నుంచి ముందుకి నెమ్మదిగా జరుపుతూ కింద కారే నీళ్లు చూడండి. మొదట్లో చిక్కటి టీ రంగులో వస్తాయి, తర్వాత పలుచబడి తేటపడతాయి. తేటపడ్డాక ఇంకో ఐదు నిమిషాలు ఉంచండి, ఎందుకంటే కనిపించేది మట్టి మాత్రమే, ఉప్పు కనిపించదు. చిల్లులు ఎక్కువ వేయించొద్దు, నేను మొదటి పైపుకి అత్యాశపడి నలభై వేయిస్తే నీళ్లు పైకి లేవకుండా కారిపోయాయి.

వేడినీళ్లు కావాలా అని మా ఆవిడ అడిగింది. అక్కర్లేదు. పంచదారలా కాదు, ఉప్పు చల్లనీళ్లలో ఎంత కరుగుతుందో మరిగే నీళ్లలోనూ ఇంచుమించు అంతే కరుగుతుంది. గట్టిపడ్డ మట్టి నానడానికి గోరువెచ్చనివి కాస్త సాయం, అంతవరకే.

చక్రాల పైన ఉండే గుంత చాలా ముఖ్యం, సగం ఉప్పు అక్కడే ఉంటుంది. స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పి ఒకసారి, కుడికి తిప్పి ఒకసారి నీళ్లు కొట్టండి, అప్పుడే టైరు వెనక భాగం బయటపడుతుంది. తర్వాత చక్రం పైన బాడీ అంచు లోపలికి మడిచి ఉంటుంది కదా, ఆ మడత వెనక వేలు పెట్టి చుట్టూ తిప్పండి. రేకు అంచు కోస్తుంది, చేతికి గ్లౌజు వేసుకోండి. ఏమీ లేదనుకుంటారు గానీ మొదటిసారి నాకు వెనక ఎడమ చక్రం దగ్గర పిడికెడు తడి మట్టి ముద్దగా వచ్చింది, మేము ఊరి నుంచి వచ్చి అప్పటికి పదకొండు రోజులు. అది వాకిలి అరుగు మీద పెడితే సాయంత్రానికి ఎండి పైన తెల్లగా పొడి తేలింది. ఆ ముద్ద పదకొండు రోజులూ రేకుని తడిగుడ్డలా అంటిపెట్టుకుని ఉంది మరి.

డోర్ల అడుగున చిన్న చిన్న కన్నాలుంటాయి, అద్దం దించినప్పుడు లోపలికి పోయిన నీళ్లు కారిపోవడానికి. రన్నింగ్ బోర్డు అడుగునా ఉంటాయి. అవి మట్టితో పూడుకుపోతే డోర్ లోపలే చెరువు కడుతుంది. ఐస్‌క్రీమ్ పుల్లతోనో కేబుల్ టైతోనో నెమ్మదిగా పొడవండి, స్క్రూడ్రైవర్ వాడితే పెయింట్ గీసుకుపోయి అక్కడే కొత్త తుప్పు మొదలవుతుంది. పనిలో పనిగా వైపర్ల కింద జాలీలో ఇరుక్కున్న వేపాకులు కూడా తీసేయండి. చెట్టు కింద పార్క్ చేసేవాళ్లకి అది విడిగా చెప్పక్కర్లేదు.

ప్రెషర్ వాషర్ ఉన్నవాళ్లు నాజిల్‌ని కనీసం అడుగు దూరంలో పట్టుకోండి. రేడియేటర్ రేకుల మీద, వైర్ల కనెక్టర్ల మీద, ఆల్టర్నేటర్ మీద నేరుగా కొట్టొద్దు. బానెట్ ఎత్తి ఇంజిన్ కడిగే ముచ్చట ఈ పనిలో భాగం కానే కాదు. ఎలక్ట్రిక్ కారైతే నారింజ రంగు కేబుళ్ల జోలికి, కింద బ్యాటరీ కనెక్టర్ల జోలికి ప్రెషర్ పోనివ్వకండి, మాన్యువల్లో ఏం రాశారో ఒకసారి చూడండి.

కింద అయిపోయాకే పైన. ముందు పైన కడిగితే కింద నుంచి ఎగిరిన బురదకి మళ్లీ కడగాలి. పైన కూడా ముందు ఉత్త నీళ్లతో ఇసుకంతా కారిపోయేలా తడపండి. బీచ్ ఇసుక ఉండగా గుడ్డ పెట్టి రుద్దితే పెయింట్ మీద గరుకు కాగితం రుద్దినట్టే. కారు షాంపూ ఉంటే మంచిది, బట్టల సర్ఫూ గిన్నెల లిక్విడూ వద్దు, అవి పైన ఉన్న మైనం పూతని లాగేస్తాయి. బోరు నీళ్ల గురించి చాలామంది అడుగుతారు. మా బోరు నీళ్లకి టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చెప్పేది) పెడితే వెయ్యికి దగ్గరగా చూపిస్తుంది, సముద్రపు నీళ్లకి అదే లెక్క దాదాపు 35,000 అవుతుంది, కాబట్టి కింద ఉప్పు కడగడానికి బోరు నీళ్లు నిక్షేపంగా పనికొస్తాయి. పైన మాత్రం అవి ఆరితే తెల్ల మచ్చలు పడతాయి, అవి ఉప్పు మచ్చలు కాదు, సున్నం. అందుకే పైన ఎండలో కడక్కుండా పొద్దున్నే కడిగి, ఆరకముందే మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేయండి. ఆర్వో మెషీన్ వదిలేసే నీళ్లని పట్టి కారుకి వాడేవాళ్లున్నారు, పొదుపు మంచిదే, కింద మొదటి విడతకి వాడండి, చివరి విడతకి మాత్రం వద్దు, అందులో కరిగినవన్నీ ఇంకాస్త చిక్కగా ఉంటాయి.

కారు లోపల సంగతి చాలామంది మర్చిపోతారు. సముద్రంలో తడిసిన పిల్లలు తడి బట్టలతో అలాగే ఎక్కేస్తారు, కాళ్లకున్న ఇసుక మ్యాట్ కిందకి, అక్కడి నుంచి కార్పెట్‌లోకి పోతుంది. మ్యాట్లు తీసి ఎండలో వేయండి, కార్పెట్ మీద చేయి పెట్టి గట్టిగా నొక్కి చూడండి, చల్లగా చెమ్మగా తగిలితే ఉప్పునీళ్లు లోపలున్నట్టే, తడిగుడ్డతో రెండు మూడుసార్లు అద్ది తీసి డోర్లు తెరిచి ఆరబెట్టాలి. డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద గుంత కూడా చూడండి. మా కారులో ఆ గుంతలో దొరికింది సముద్రపు ఉప్పు కాదు, అత్తగారు కట్టిచ్చిన మాగాయ జాడీ లోంచి కారిన ఊట. ఉప్పు ఉప్పే కదా, ఇనుముకి ప్రేమ తెలియదు. ఇప్పుడు జాడీ కింద ఒక ప్లాస్టిక్ టబ్ పెడుతున్నాం, ఎండుచేపల మూట కూడా అందులోకే పోతుంది.

కడగడం అయ్యాక వెంటనే కవర్ కప్పేయొద్దు, సెల్లార్‌లో పెట్టేయొద్దు. పది పదిహేను నిమిషాలు బయట తిప్పండి, మధ్యమధ్యలో బ్రేకులు మెల్లగా నొక్కుతూ ఉండండి, డిస్కులు ఆరతాయి. మర్నాడు డిస్కు మీద పసుపు గోధుమ రంగులో పల్చటి పొర కనిపిస్తే కంగారు పడకండి, రెండు బ్రేకులు వేస్తే పోతుంది. తర్వాత ఎండలో ఓ రెండు గంటలు నిలపండి. తడి మీద హ్యాండ్‌బ్రేక్ వేసి రెండు మూడు రోజులు వదిలేస్తే వెనక బ్రేకులు పట్టేసుకుంటాయి, అందుకని చదునైన చోట గేర్‌లో పెట్టి టైరుకి రాయి అడ్డం పెట్టండి.

అప్పటికే తుప్పు మొదలై ఉంటే కడిగినంత మాత్రాన వెనక్కి పోదు. రాయి తగిలి పెయింట్ లేచిన చోట చిన్న గోధుమ చుక్క అయితే ఇంట్లోనే చేసుకోవచ్చు, సన్న గరుకు కాగితంతో మెరిసే లోహం కనపడేదాకా రుద్ది, తుడిచి, పూర్తిగా ఆరాక ప్రైమరు, దాని మీద మీ కారు రంగు టచప్ పెన్ను. పెయింట్ పొంగి బొబ్బలా లేస్తే అది లోపలి నుంచి వచ్చింది, దాని మీద రంగు పూయడం దండగ, టింకరింగ్ వాళ్లకి చూపించాల్సిందే. కింద నల్లటి యాంటీ రస్ట్ కోటింగ్ గురించి కూడా ఇదే మాట. శుభ్రంగా కడిగి బాగా ఆరిన రేకు మీద వేస్తే మంచిది, ఉప్పు మీద, తడి మీద, పాత తుప్పు మీద వేస్తే లోపల అది తన పని తాను చేసుకుపోతుంది, పైకి నల్లగా అందంగా ఉంటుంది కాబట్టి మీకు తెలిసేసరికి ఆలస్యమవుతుంది. నాకు జరిగింది సరిగ్గా అదే.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఇదంతా పిల్లల ఆటలా అనిపించవచ్చు. మా తమ్ముడు డెట్రాయిట్ దగ్గర ఉంటాడు, అక్కడ చలికాలమంతా మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతూనే ఉంటారు. మామూలు ఉప్పు మైనస్ 9 డిగ్రీల దాకా బాగా పనిచేస్తుంది, ఇంకా చలిగా ఉంటే కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ కలుపుతారు, అవి గాలిలో తేమని మామూలు ఉప్పు కన్నా ఎక్కువ లాగుతాయి. వాడు చలికాలంలో రెండు వారాలకొకసారి, ఉష్ణోగ్రత సున్నా దాటిన రోజు చూసుకుని, కింద కూడా నీళ్లు కొట్టే ఆటోమేటిక్ వాష్‌లో కారు పెడతాడు. వాడు చెప్పిన ఒక సంగతి నాకు ఆశ్చర్యమనిపించింది. ఉప్పు పట్టిన కారుని వెచ్చటి గ్యారేజీలో పెడితే బయట గడ్డకట్టే చలిలో ఉన్నదాని కన్నా వేగంగా తుప్పు పడుతుందట, ఎందుకంటే చలిలో తుప్పు కూడా నెమ్మదిస్తుంది. అలా చూస్తే జనవరి మధ్యాహ్నం 28 డిగ్రీలుండే మన హైదరాబాద్ మొత్తం ఒక వెచ్చటి గ్యారేజీయే. మా తమ్ముడుండే చలిలో అయితే కడిగాక డోర్ల చుట్టూ రబ్బర్లు పొడిగా తుడవడం మర్చిపోకూడదు, లేకపోతే రాత్రికి నీళ్లు గడ్డకట్టి డోరు బిగుసుకుపోతుంది. మా వాడు ఒకసారి మర్చిపోయి పొద్దున్నే డిక్కీలోంచి పాక్కుంటూ డ్రైవర్ సీట్లోకి వెళ్లాడు, టై కట్టుకుని.